వేడిగాలి బెలూను: దిగు చోటు

వేడిగాలి బెలూనును ఆకాశమున చూచిన ప్రతివారును అడుగు ప్రశ్న ఒకటి కలదు: ఇది ఎట్లు ఎగురుచున్నది? పొయ్యిమీది పొగ పైకి పోవుటను చూచిన పిల్లవానికి సైతము దానికి సమాధానము సగము తెలిసియే ఉండును. రెండవ ప్రశ్న అడుగువారు చాల తక్కువ. చుక్కాని గాని, చక్రములు గాని, బ్రేకు గాని లేని ఈ వాహనము ఎక్కడ దిగును? ఆ చోటును ఎవరు, ఎప్పుడు, దేనిని చూచి నిర్ణయింతురు? 2017 నవంబరులో అరకులోయలో బెలూనుల ఉత్సవము జరిగినది. కొండల నడుమ రంగురంగుల గోళములు లేచుటను మన ప్రాంతమువారు చూచి ఆనందించిరి. పత్రికలలో వచ్చు ఛాయాచిత్రములు సాధారణముగా బెలూను లేచునప్పటివే. కాని ఆ విద్యయందలి కష్టమంతయు దిగుటలో ఉన్నది. ఈ ప్రసంగమున మేము ఆ సంగతినే వివరింపదలచినాము.

ముందుగా వాహనము యొక్క స్వరూపమును కొంచెము తెలిసికొందము. నైలాను గుడ్డతో కుట్టిన పెద్ద సంచి, దాని క్రింద పేముతో అల్లిన బుట్ట, బుట్టకు పైన సంచి మూతికి దిగువగా బర్నరు, బుట్టలోపల ప్రొపేను వాయువు నింపిన సిలిండర్లు. ఈ ప్రొపేను మన వంటయిండ్లలోని గ్యాసులో కూడ కొంత పాలు ఉండునదియే. సంచి శిఖరమున గుండ్రని గుడ్డమూత ఒకటి ఉండును. బెలూనును నడుపు పైలటు తన చేతియందలి త్రాటిని లాగినచో ఆ మూత క్రిందికి దిగి వేడిగాలిని బయటకు విడుచును. త్రాటిని వదలినచో లోపలి గాలి ఒత్తిడికి మరల మూసికొనును. మంట పెంచినచో పైకి, మూత తెరచినచో క్రిందికి. పైలటుకు గల అధికారమంతయు ఇంతియే. కుడియెడమలకు పోవుట అతని చేతిలో లేదు.

ఇక్కడ ఒక లెక్క వేసి చూడవలెను. నలుగురు ఎక్కునట్టి బెలూను సంచిలో సుమారు 2,800 ఘనమీటర్ల గాలి పట్టును. బయటి గాలి 20 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో ఉన్నప్పుడు ఘనమీటరు గాలి ఇంచుమించు 1,200 గ్రాములు తూగును. ఆ గాలినే 100 డిగ్రీలకు కాచినచో 950 గ్రాములు మాత్రమే తూగును. ఘనమీటరుకు 250 గ్రాముల తేడా చొప్పున మొత్తము మీద 700 కిలోల బరువును లేపు శక్తి లభించును. సంచి, బుట్ట, సిలిండర్లు, మనుష్యులు అన్నియు అందులోనే సర్దుకొనవలెను. బయటి గాలి 30 డిగ్రీలకు చేరినచో ఈ శక్తిలో సుమారు వంద కిలోలు తగ్గిపోవును. మనవంటి ఉష్ణదేశములలో తెల్లవారుజామున ఎగురవలసివచ్చుటకు ఇదియు ఒక కారణము.

దిగు విషయమునకు ఇంతకంటె ముఖ్యమైనది ఇంకొక లెక్క. సంచిలోని గాలి బయటి గాలికంటె తేలికైనదే కాని, బరువు లేనిది కాదు. 2,800 ఘనమీటర్ల వేడిగాలి 2,600 కిలోలకు పైగా తూగును. బుట్టను, మనుష్యులను కలుపుకొన్నచో కదలుచున్న మొత్తము మూడు టన్నులు దాటును. చూచుటకు దూదిపింజవలె తేలుచున్న ఈ వస్తువు నిజమునకు ఒక చిన్న లారీ బరువుతో పోవుచున్నది. కనుకనే అది ఆజ్ఞను వెంటనే పాటింపదు. దిగుచున్న బెలూనును ఆపవలెనని పైలటు మంట వేసినచో, కొన్ని సెకండ్లు గడచిన తరువాత గాని దిగుట ఆగదు; ఆ తరువాత గాని పైకి లేవదు. గాలి సెకండుకు 5 మీటర్ల వేగముతో వీచుచున్నదనుకొందము. ఆరు సెకండ్ల ఆలస్యమనగా ముప్పది మీటర్ల దూరము. ఎదుట చెట్టు ఇరువది మీటర్ల దూరమున ఉన్నప్పుడు మంట వేసిన ప్రయోజనమేమి?

పైలటుకు ప్రక్కకు తిప్పు సాధనము లేదంటిమి. ఐనను అతడు పూర్తిగా నిస్సహాయుడు కాడు. భూమికి దగ్గరనున్న గాలియు, పైనున్న గాలియు ఒకే దిక్కుకు వీచవు. నేలయొక్క రాపిడి వలన క్రింది గాలి మందగించును. భూభ్రమణ ప్రభావము వలన, ఉత్తరార్ధగోళమున పైకి పోయినకొలది గాలి సాధారణముగా కుడివైపునకు ఒరగును. అనగా పైలటు పైకి లేచినచో కుడికిని, దిగినచో ఎడమకును కొంచెము జరుగగలడు. ఏ ఎత్తున ఏ గాలి ఉన్నదో ముందుగా తెలిసికొనుటకు, లేవకముందే ఒక చిన్న రబ్బరు బుడగను విడిచి అది పోవు త్రోవను చూచుదురు. పైనున్నప్పుడు క్రింది గాలిని తెలిసికొనుటకు గడ్డకట్టిన సబ్బునురుగువంటి తేలిక వస్తువును జారవిడిచి, అది ఎటు కొట్టుకొనిపోవుచున్నదో గమనింతురు. ఇంటికప్పులపై లేచు పొగ, చెరువునీటిమీది అలలు, ఆకులు తిరగబడు తీరు, దారిన పోవు బండి లేపిన దుమ్ము, ఇవన్నియు అతనికి అక్షరములే. చెరువు ఒక గట్టువద్ద నునుపుగాను, ఎదుటి గట్టువద్ద అలలతోను ఉన్నచో, గాలి ఆ నునుపైన గట్టువైపునుండి వచ్చుచున్నదని గ్రహించును.

వేళ యొక్క మాట కూడ చెప్పవలెను. సూర్యోదయ సమయమున నేల ఇంకను చల్లగానే ఉండును. గాలి నిలుకడగా ఉండును. ప్రొద్దెక్కినకొలది దున్నిన చేలు, రాతినేలలు వేడెక్కి వానినుండి వేడిగాలి స్తంభములుగా లేచును. గ్రద్ద రెక్క కదపకుండ పైకి తిరుగునది అట్టి స్తంభములోనే. ఆ గాలి గ్రద్దకు సుఖము, బెలూనుకు అపాయము. దిగనెంచిన బెలూనును అది లేపును, తేలనెంచిన బెలూనును దాని అంచున ఉన్న దిగుగాలి నేలకు నొక్కును. అందువలన తెల్లవారుజామున లేచి, ఎండ ముదరకముందే దిగుదురు. లేదా సూర్యాస్తమయమునకు ముందు రెండు గంటలలో ఎగురుదురు. సాయంత్రపు ప్రయాణములో ఒక చిక్కు కలదు. గాలి చల్లబడును, నిజమే. కాని వెలుతురు పోవుచుండును. వెలుతురు పోయినచో తీగలు కనపడవు. తీగల మాట ముందు వచ్చును.

దిగు చోటును ఎన్నుకొను సమస్య ఇప్పటిది కాదు. మనుష్యుడు మొదటిసారి ఆకాశమున ఎగిరిననాడే అది పుట్టినది. 1783 సెప్టెంబరు 19న ఫ్రాన్సు దేశమున వెర్సాయి రాజభవనమునుండి మోంగోల్ఫియే సోదరుల బెలూనులో ఒక గొఱ్ఱె, ఒక బాతు, ఒక కోడిపుంజు ఎగిరి, కొన్ని నిముషములలో దగ్గరి అడవిలో దిగినవి. వానికి చోటును ఎన్నుకొను బాధ లేదు. అదే సంవత్సరము నవంబరు 21న పిలాత్ర్ ద రోజియే అను యువకుడును, మార్క్వి దార్లాండు అను ప్రభువును పారిసు అంచున గల లా మ్యూయెత్ భవనపు తోటనుండి లేచిరి. బుట్టకు మారుగా సంచి చుట్టును ఒక వసారా, నడుమ గడ్డి వేసి మండించు కుంపటి, చేతిలో తడి స్పంజి. నగరముమీద కొంత దూరము పోయినంతనే నిప్పురవ్వలకు గుడ్డ కాలి రంధ్రములు పడుటను దార్లాండు చూచెను. కొన్ని త్రాళ్లును తెగెను. దిగవలెనని అతడు తొందరించెను. కాని క్రింద ఉన్నవి పారిసు ఇండ్ల కప్పులు. కాలుచున్న అంచులను తడి స్పంజితో ఆర్పి, మిగిలిన త్రాళ్లు నిలుచునని చూచుకొని, వారు నగరమును దాటిపోవ నిశ్చయించిరి. సెంసుల్పీసు దేవాలయ గోపురములు ఎదురుపడగా మరల గడ్డి వేసి మంట పెంచిరి. చివరకు ఇండ్లు తరిగి, పొలము కనబడిన తరువాతనే, బ్యుత్ ఒ కాయ్ అను మిట్టమీద గాలిమరల నడుమ దిగిరి. ప్రయాణమంతయు 25 నిముషములు. దిగిన తరువాత జనులు పరుగెత్తివచ్చి, రోజియే విడిచిన కోటును చింపి తలకొక పీలిక పంచుకొనిరట!

నేటి పైలట్లకు బోధించు పాఠములో ముఖ్యభాగము ఈ మొదటి ప్రయాణములోనే ఉన్నది. క్రింద చోటు మంచిది కానప్పుడు, భయము తొందరపెట్టినను దిగరాదు. పైకి పోయి ఇంకొక చోటును చూచుకొనవలెను. అట్లు పోవుటకు మంట ఉండవలెను. నాడు గడ్డి కట్టలు, నేడు ప్రొపేను. 1960 అక్టోబరు 22న అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రపు బ్రూనింగ్ వద్ద ఎడ్ యోస్టు ప్రొపేను బర్నరుతో ఎగిరిన నాటినుండియే వేడిగాలి బెలూను మరల వాడుకలోనికి వచ్చినది. సిలిండరులో గ్యాసు ఉన్నంతవరకు పైలటుకు 'వద్దు' అను అధికారము ఉండును. కడపటి సిలిండరు అడుగంటిన తరువాత ఏ చేను వచ్చిన ఆ చేనే గతి. కావుననే నేర్పరియైన పైలటు గ్యాసు సమృద్ధిగా ఉండగనే చోటును వెదకుట ఆరంభించును. చూచువారికి ఇది పిరికితనమువలె తోచవచ్చును. ప్రయాణికులు డబ్బిచ్చి ఎక్కినవారు, ఇంకను పది నిముషములు తిప్పుమందురు. ఆ పది నిముషములలో మంచి చేలన్నియు వెనుకకు పోవును.

ఇట్లు వెదకునప్పుడు అతడు వెదకునది ఒక చోటు కాదు, ఒక బాట. ప్రస్తుతపు గాలి తనను ఏ దారిన తీసికొనిపోవునో ఆ దారికి ఇరుప్రక్కల సన్నని పట్టీ ఒకటి ఊహించుకొనవలెను. ఆ పట్టీలో పడని చేను ఎంత చక్కనిదైనను అతనికి లేనట్టిదే. మరల లెక్క చూడుడు. బెలూను 150 మీటర్ల ఎత్తున ఉన్నది. సెకండుకు ఒకటిన్నర మీటరు చొప్పున దిగుచున్నది. గాలి సెకండుకు నాలుగు మీటర్ల వేగమున వీచుచున్నది. నేలను చేరుటకు నూరు సెకండ్లు పట్టును. ఆ నూరు సెకండ్లలో బెలూను 400 మీటర్లు ముందుకు పోవును. అనగా పాదముల క్రింద కనపడుచున్న చేను ఇప్పటికే చేజారిపోయినది. ఎదుట అరకిలోమీటరు దూరమున నున్నదే ఇప్పుడు ఎన్నుకొనదగినది. పైగా దిగినకొలది గాలి దిక్కు మారునని చెప్పితిమి కదా! కనుక పట్టీ కూడ నేరుగా ఉండదు, క్రిందికి వచ్చుకొలది ఎడమకు వంగును. ఒక చేనును మాత్రమే నమ్ముకొని దిగుట మంచి పద్ధతి కాదు. మొదటి చేను తప్పినచో రెండవది, అదియు తప్పినచో మూడవది వరుసగా ఉన్న ప్రదేశమునే ఎన్నుకొందురు. వరుసలో కడపటి చేనుకు ఆవల ఊరు గాని, అడవి గాని, పెద్ద చెరువు గాని ఉన్నచో, ఆ వరుస అంతటిని విడిచి ముందుగనే వేరొక దారి చూతురు.

ఇంతకు మంచి చేను అనగా ఏది? విశాలముగా ఉండవలెను, ముఖ్యముగా గాలి పోవు దిక్కున పొడవుగా ఉండవలెను. ఏలన, గాలి కొంచెము గట్టిగా ఉన్న ఉదయమున బుట్ట నేలను తాకి, ప్రక్కకు ఒరిగి, సంచిలోని గాలి ఖాళీ అగువరకు ఈడ్చుకొనిపోవును. ఇది ప్రమాదము కాదు, అట్టి గాలిలో దిగు రీతియే అది. ఈడ్చుకొనిపోవు దారిలో రాళ్లు, కంచె, బావి ఉండరాదు. పైరు ఉన్న చేను వద్దు. రైతు ఆరునెలల కష్టమును ఒక నిముషపు వినోదమునకు తొక్కుట న్యాయము కాదు. పశువులు మేయుచున్న బీడును కూడ విడిచిపెట్టుదురు. బర్నరు గర్జన పశువులను బెదరించును, బెదరిన మంద కంచెలమీద పడి గాయపడును. తడి దమ్ము చేసిన మడిలో దిగినచో మనుష్యులకు అపాయము లేదు గాని బెలూనును బయటకు తెచ్చుట దుస్తరము. బండి రాదగిన దారి దగ్గరగా ఉన్న, కోత కోసిన మెట్టచేను అన్నిటిలో ఉత్తమము. దిగవలసిన చేనుకు ముందు చెట్ల వరుస ఉన్నచో, దాని వెనుక గాలి కొంత మందముగా ఉండును. నేర్పరులు ఆ మరుగును ఉపయోగించుకొందురు. కాని చెట్లను దాటినంతనే గాలి సుడి తిరిగి బెలూనును క్రిందికి నొక్కవచ్చును గనుక, కొత్తవారికి ఆ ఉపాయము తగదు.

ఇవి యన్నియు ఒక ఎత్తు, కరెంటు తీగలు ఒక ఎత్తు. బెలూను ప్రయాణములో ప్రాణములు తీయు ప్రమాదములలో ముఖ్యమైనది తీగలను తాకుటయే. తీగ సన్ననిది, ఆకాశమునుండి చూచునప్పుడు దాని వెనుక నేల రంగు ఉండుటచేత ఇంచుమించు కనపడదు. అందువలన పైలటు తీగను చూడ ప్రయత్నింపడు; స్తంభములను వెదకును. ఒక స్తంభము కనపడినచో రెండవది ఎక్కడనో ఉండితీరును, ఆ రెంటి నడుమ తీగ ఉండితీరును. స్తంభము చెట్టుమాటున ఉన్నచో? అప్పుడు ఊహయే శరణ్యము. బాట ఉన్నచో బాట ప్రక్కన తీగ ఉన్నదనుకొనవలెను. పొలము నడుమ ఒంటరి యిల్లు ఉన్నచో దానికి ఏ వైపునుండియో తీగ వచ్చుచున్నదనుకొనవలెను. అడవిలో చెట్లను నరికి తిన్నగా చీల్చిన సందు ఉన్నచో దానిలో పెద్ద తీగలు పోవుచున్నవనుకొనవలెను. మన పల్లెలలో బావులవద్ద మోటార్లు ఉన్నవి. ప్రతి మోటారుకును గట్లవెంట తీగ వచ్చును. లేదని కంటితో రూఢియగువరకు ప్రతి చేని గట్టునను తీగ ఉన్నట్లే భావింపవలెను.

2012 జనవరి 7 ఉదయము న్యూజీలాండు దేశమున కార్టర్టన్ పట్టణము చేరువ పదిమంది ప్రయాణికులతో పోవుచున్న బెలూను పొలములమీద మిక్కిలి తక్కువ ఎత్తున తేలుచున్నది. ఆకాశము నిర్మలముగా ఉన్నది. చేని అంచున 33 వేల వోల్టుల తీగలు ఉన్నవి. గాలి దిక్కు మారి బెలూనును వానివైపు నెట్టగా, పైలటు మంట వేసి తీగలమీదుగా పైకి దాటిపోవ ప్రయత్నించెను. మనము పైన చెప్పుకొన్న ఆలస్యము ఇక్కడ అడ్డువచ్చెను. బెలూను లేవకముందే బుట్ట తీగలలో చిక్కెను. విద్యుత్తు మెరసి బుట్టకు నిప్పంటుకొనెను. మంట వేడికి బెలూను ఒక్కసారిగా పైకెగసి, సంచి కాలిపోయి, నేలపై కూలెను. పైలటుతో సహా పదునొకండుగురును మరణించిరి. తీగలను తాకుట తప్పదని తెలిసిన క్షణమున పైకి పోవ ప్రయత్నింపక, మూత పూర్తిగా తెరచి వేగముగా దిగవలసియుండెనని విచారణ సంఘము తేల్చెను. పైలటు గంజాయి సేవించియుండెననియు, అది అతని వివేచనను దెబ్బతీసి ఉండవచ్చుననియు చెప్పెను.

ఈ సలహా వినుటకు వింతగా తోచవచ్చును. అపాయము ఎదుట ఉన్నప్పుడు పైకి పోవలెనని మనస్సు చెప్పును. శిక్షణ క్రిందికి పొమ్మనును. కారణము స్పష్టమే. పైకి లేచుచు తీగను తాకినచో తగులునది బుట్ట, అందులోని మనుష్యులు, గ్యాసు సిలిండర్లు, బర్నరు చుట్టునున్న లోహపు చట్రము. దిగుచు తాకినచో బుట్ట తీగలకంటె క్రిందికి పోయి, తీగకు తగులునది గుడ్డసంచి మాత్రమే అగును. గట్టిగా నేలపై పడి కాళ్లు విరుగవచ్చును. విరిగిన కాలు అతుకుకొనును.

నాలుగు సంవత్సరముల తరువాత, 2016 జులై 30న, అమెరికాలో టెక్సాసు రాష్ట్రపు లాక్‌హార్టు వద్ద ఇంతకంటె పెద్ద ప్రమాదము జరిగెను. అక్కడ కారణము వేరు. ఆ ఉదయము పొగమంచును, తక్కువ ఎత్తున మేఘములును ఉన్నవి. ఐనను బెలూను లేచెను. క్రింద నేల కనపడుట లేదు. అనగా ఇంతవరకు మేము చెప్పిన పట్టీ, చేలు, స్తంభములు, పొగ ఏవియు లేవు. దిగునప్పుడు బెలూను పెద్ద విద్యుత్తు తీగలకు తగిలి కాలిపోయెను. పదునారుగురును మరణించిరి. అట్టి వాతావరణమున ఎగురుటకు పైలటు చేసిన నిర్ణయమే ఈ ప్రమాదమునకు మూలమని ప్రభుత్వ విచారణ సంఘము చెప్పెను. అతని అనారోగ్యము, అతడు వాడిన మందులు ఆ నిర్ణయమును చెరచినవనియు చేర్చెను. విమానపు పైలట్లకు తప్పనిసరియైన వైద్యపరీక్ష నాటికి బెలూను పైలట్లకు లేదు. 2022లో అమెరికా విమానయాన శాఖ, డబ్బు తీసికొని జనులను ఎక్కించుకొను బెలూను పైలట్లకును వైద్యపరీక్షా పత్రము ఉండవలెనని నిబంధన చేసెను. ఆరు సంవత్సరముల జాప్యము ఎక్కువే అని మా అభిప్రాయము. లాక్‌హార్టులో మంచి చేను దొరకకపోవుట కాదు జరిగినది; నేల కనపడని రోజున నేలను ఎన్నుకొనవలసి వచ్చినది.

ఇక చివరి నిముషమునకు వత్తము. చేను కుదిరినది; తీగలు లేవని తేలినది. పైలటు ప్రయాణికులను తమతమ చోట్లలో నిలువమనును. పోవు దిక్కునకు వీపు పెట్టి, మోకాళ్లు కొంచెము వంచి, లోపలి త్రాటిపిడులను పట్టుకొనవలెను. చేతులు గాని, కెమేరాలు గాని బుట్ట అంచు దాటరాదు. నేలకు చేరువకాగానే బర్నరును ఆర్పి, గ్యాసు కట్టి, మూత త్రాడు లాగును. పేము బుట్ట ఇప్పుడు పనికివచ్చును. ఇనుము వంగి అట్లే ఉండిపోవును, చెక్క చీలును. పేము ఒత్తిడికి లొంగి, దెబ్బను తాను మ్రింగి, మరల తన ఆకారమునకు వచ్చును. ఇన్ని కొత్త వస్తువులు వచ్చినను బుట్టవిషయమున పాత పద్ధతి నేటికిని మారకుండుటకు ఇదియే కారణము.

బుట్ట నేలను తాకినంతనే దుమికి దిగవలెనను ఆతురత కొందరికి కలుగును. పైలటు చెప్పువరకు ఒక్కరును దిగరాదు. ఒక మనిషి దిగినచో అరువది డెబ్బది కిలోల బరువు తగ్గును. సంచిలో ఇంకను వేడిగాలి ఉన్నచో బెలూను తక్కినవారితో మరల లేచును. 2013 ఫిబ్రవరి 26న ఈజిప్టు దేశమున లక్సరు వద్ద దిగుచున్న బెలూనులో, దిగుటకు వేసిన త్రాడు గ్యాసు గొట్టమునకు చుట్టుకొని నిప్పు పుట్టెను. పైలటును, ఒక ప్రయాణికుడును నేలకు దుమికి బ్రతికిరి. భారము తగ్గి, మంట వేడి పెరిగిన బెలూను మిగిలినవారితో మరల పైకి లేచి కూలెను. పందొమ్మిదిమంది మరణించిరి.

దిగు చోటును ఎన్నుకొనుటలో క్రిందనున్నవారికిని కొంత భాగము కలదు. బెలూను వెంట నేలమీద ఒక జీపు, కొందరు సహాయకులు పోవుచుందురు. పైలటు రేడియోలో తాను ఎన్నుకొన్న చేనును చెప్పగా, వారు ముందుగా పోయి చేని యజమానిని కలిసి అనుమతి అడుగుదురు. పైనుండి కనపడని తీగను క్రిందనుండి చూచి హెచ్చరింతురు. టర్కీ దేశపు కప్పదోకియాలో బెలూనులు దినదినమును ఎగురును. అక్కడి నేర్పరియైన పైలటు, జీపు వెనుక కట్టిన తోపుడుబండి మీదనే బుట్టను సరిగా దింపును! గాలి మందముగా ఉన్న ఉదయములలోనే అట్లు సాధ్యమగును.

తెలియని జనులు చేరుట మొదటినుండియు ఒక సమస్యయే. 1783 ఆగస్టు 27న పారిసులో మనుష్యులు లేకుండ విడిచిన హైడ్రొజను బెలూను గోనెస్ అను పల్లెలో పడగా, ఊరివారు అది భూతమని భయపడి పారలతోను, గడ్డిపంగలతోను దానిని చీల్చివైచిరి. 2022 డిసెంబరులో మన వికారాబాదు జిల్లాలో ఒక గుండ్రని పెద్ద పెట్టె పొలమున దిగగా చుట్టుప్రక్కల గ్రామములవారు తండోపతండములుగా వచ్చి చూచిరి. అది టాటా మౌలిక పరిశోధనా సంస్థవారి హైదరాబాదు కేంద్రమునుండి విడిచిన బెలూను మోసికొనిపోయిన పరికరము. ఎవరును దానిని చీల్చలేదు. ఆ బెలూనులు వేడిగాలివి కావు, మనుష్యులు ఎక్కునవి కావు. పరిశోధన ముగిసిన తరువాత పరికరములను విడదీసి గొడుగుతో దింపుదురు. ఐనను ఎప్పుడు విడదీసినచో ఏ గాలికి ఎక్కడ పడునో ముందుగా లెక్కకట్టవలసిన పని వారికిని తప్పదు.

ఎన్నడైన ఒక ఉదయమున మన చేనిలో వేడిగాలి బెలూను దిగుట తటస్థించినచో కొన్ని సంగతులు గుర్తుంచుకొనుడు. అది వచ్చు దారిలో నిలువక ప్రక్కకు తొలగుడు. చేతిలో బీడీ గాని, చుట్ట గాని ఉన్నచో ఆర్పివేయుడు. బుట్టలో గ్యాసు ఉన్నది. సహాయకులు త్రాటిని పట్టుకొమ్మన్నచో పట్టుకొనుడు గాని, చేతికి చుట్టుకొనవద్దు. త్రాడు పైకి పోవుచున్నట్లు తోచినంతనే వదలివేయుడు. సంచి తీగమీద పడియున్నచో ఎంత దయ కలిగినను దగ్గరకు పోవద్దు, విద్యుత్తు శాఖవారు వచ్చి కరెంటు తీసినట్లు చెప్పువరకు ఆగవలెను. పిల్లలను గట్టుమీదనే నిలుపుడు. సంచిలోని గాలి అంతయు పోయి, గుడ్డ నేలపై పరచుకొన్న తరువాత వారిని పిలువవచ్చును. దానిని చుట్టి గోనెలో కూరుటకు ఎందరు చేతులు కలిపినను ఆ సహాయకులు సంతోషింతురు.